అప్పలస్వామి హోటల్లో ఊరి కబురు

రెండు వారాల కిందట ఒక మంగళవారం మధ్యాహ్నం, క్లెమెంటి స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా కమలా ఆంటీ ఫోన్ చేసి, "మామ పోయాడు" అన్నారు. పోయాడంటే ఎక్కడికి అని అడిగాను. బుద్ధి ఉన్నవాళ్లెవరూ అడగని ప్రశ్న అది. ఆవిడ, "పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఇస్త్రీ చేసుకుని వచ్చేసరికి లేడు" అని చెప్పారు. రైలొచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్లిపోయింది. ఆ తర్వాత వచ్చిన రెండు రైళ్లూ నేను ఎక్కలేదు.

శ్రీ సింహాచలం గారు, సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని అప్పలస్వామి హోటల్ చివరి యజమాని, డెబ్భై నాలుగేళ్ల వయసులో, యూ టీలోని మేనకోడలు కమల గారి ఫ్లాట్లో దివంగతులయ్యారు. ఇది చదివేవారిలో చాలామంది ఆయన చేతి అన్నం తిన్నవాళ్లే. ఆ పుణ్యాత్ముడి గురించి నాలుగు మాటలు రాయమని నన్నే ఎందుకు అడిగారో నాకు తెలుసు. ఆయనకు నేను కూతురిలాంటిదాన్నని అందరూ అనుకుంటారు. ఆ మాటకు నేను తగుదునో లేదో చివరిదాకా చదివి మీరే తేల్చండి.

హోటల్ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఆయన అందులోనే పుట్టారు. మేడమీద మూడో గదిలో. ఆయన తాత అప్పలస్వామి భీమిలికి ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న దిబ్బలరేవు అనే ఊరి నుంచి ఓడెక్కి ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. మూటలు మోసే తనవాళ్లకు రేకుల పాకలో అన్నం వండిపెట్టడం మొదలుపెట్టి, కొన్నాళ్లకు ఒక ఇరుకు సందులో రెండంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. కింద భోజనాల హాలు, మీద ఏడు గదులు. తలుపు మీద తెలుగులో, తమిళంలో, ఇంగ్లిషులో పేరు రాయించాడు. తాను మాత్రం మూడింటిలో ఒక్కటీ చదవలేడు.

ఆ హోటల్‌కు ఒకే ఒక్క కట్టుబాటు. కొత్తగా ఓడ దిగి వచ్చినవాడికి మొదటి భోజనం ఊరికే పెడతారు. అందుకు బదులుగా ఆ మనిషి ఆకు ముందు నిలబడి తన ఊరి కబురు చెప్పాలి. హాల్లో తింటున్నవాళ్లంతా చేయి ఆపి వినాలి. చెప్పడం పూర్తయ్యాకే అన్నం వడ్డిస్తారు. ఉత్తరం రాయడం రాని, వస్తే చదవడం రాని మనుషుల కాలం అది. ఒకడి ఊళ్లో వాన పడిందంటే పక్క ఊరివాడి కడుపు చల్లబడేది. సెలవుకు వెళ్లి వచ్చినవాళ్లకు కూడా ఇదే పద్ధతి.

దానికి అంటిపెట్టుకుని ఇంకో మాట ఉంది. ఆకు ముందు చెప్పిన కబురు నిజమై ఉండాలి. ఒకసారి ఎవరో తోటివాడిని బాధపెట్టలేక, చనిపోయిన తల్లిని బతికే ఉందని చెప్పాడట. ఆర్నెల్లకు సంగతి బయటపడింది. అప్పలస్వామి ఆ అబద్ధమాడినవాడిని గది ఖాళీ చెయ్యమనలేదు. భోజనాల వేళ వాడి ముందున్న ఆకు మాత్రం తీసేశాడు. "పడుకోడానికి చాప ఉంటాది, తినడానికి ఆకు నేదు" అన్నాడట. జపానువాళ్ల యుద్ధంలో ఓడలు ఆగిపోయి మూడేళ్లకు పైగా ఒక్క కొత్త మనిషీ రాకపోతే, కర్రపెండలం తింటూ పాత కబుర్లనే వంతులవారీగా మళ్లీ మళ్లీ చెప్పుకున్నారట. కొత్తది ఒక్కటీ కల్పించలేదని సింహాచలం గారు ఎంతో గొప్పగా చెప్పేవారు.

నేను వచ్చేనాటికి లోకమంతా, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తప్పుతాయన్న రెండు సున్నాల భయంతో, ప్రోగ్రామర్లను ఎక్కడ పడితే అక్కడ వెతుకుతోంది. నన్ను పంపిన ఏజెంటు విమానాశ్రయానికి మనిషి వస్తాడన్నాడు. రాలేదు. నా దగ్గరున్న కాగితం మీద ఈ హోటల్ చిరునామా ఉంది. టాక్సీ దిగేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. తెల్ల చొక్కా, గళ్ల లుంగీ కట్టుకున్న నల్లటి పెద్దమనిషి గుమ్మంలో నిలబడి నా సూట్‌కేసు వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూశారు.

"ఏ ఊరు తల్లీ?"

"కాకినాడ దగ్గరండీ."

"మకాన్ అయిందా?"

నాకర్థం కాలేదు. తిన్నావా అని అడిగారని తర్వాత తెలిసింది. ఆయన తెలుగులో మలయ్ ఉండేది, తమిళం ఉండేది, తొంభై ఏళ్ల కిందట ఓడెక్కిన విశాఖ మాట చెక్కుచెదరకుండా ఉండేది. చేయి కడుక్కొమ్మని, పాలరాతి బల్ల మీద ఆకు వేసి, "ఊరి కబురు సెప్పు" అన్నారు. పద్నాలుగు మంది మగవాళ్లు తినడం ఆపి నన్నే చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆకలితో, భయంతో వచ్చిన ఆడపిల్లను నిలబెట్టి ఇదేం పరీక్ష అనుకున్నాను. ఏం చెప్పాలో తోచక, మా వీధి కుళాయి దగ్గర నీళ్ల కోసం జరిగిన గొడవ చెప్పాను. మా అమ్మ బిందె సొట్టపోయిందని చెప్పి ఆకు ముందు కూర్చున్నాను. ఇంకేం అడగకుండా ఆయన అన్నం పెట్టారు. కొబ్బరిపాలు పోసి చేసిన చేపల పులుసు. మన పులుసూ కాదు, ఇక్కడివాళ్ల కూరా కాదు. ఆ పూట మాత్రం ఆకు నాకేశాను.

మొదటి రోజు నుంచీ ఆయనను అంకుల్ అనే పిలిచాను, ఇక్కడ పెద్దవాళ్లంతా అంకుల్సే కనుక. ఇంతకు ముందు ఆడవాళ్లెవరూ ఆ గదుల్లో ఉండలేదట. నా కోసం తన గది ఖాళీ చేసి, తాను హాలు వెనక మంచం వేసుకున్నారు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. నాకు వేరే గది దొరికేదాకా అని నేననుకున్నాను. మూడేళ్లకు పైగా అక్కడే ఉన్నాను, ఆయన ఒక్కసారి కూడా తన మంచం మాట ఎత్తలేదు.

నా తర్వాత ఆరునెలలకు హైదరాబాదు నుంచి ఖాజా వచ్చాడు. ఆ మనిషికి నోరెక్కువ. ఆకు ముందు నిలబడి, "మా సిటీల కబురేముంటది అంకుల్, ట్రాఫిక్ జామే" అన్నాడు. అందరూ నవ్వారు. అంకుల్ నవ్వలేదు. "మీ ఇంటి గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఏటి కనబడతాది?" అని అడిగారు. ఒక బేకరీ అన్నాడు ఖాజా. బేకరీ ముందు ఏముంటుంది అన్నారు. బల్ల, దాని మీద పొద్దున్నే వచ్చి కూర్చునే మా అబ్బాజాన్, అన్నాడు. "ఆయనేటి సేత్తన్నాడిప్పుడు?" అని అడిగారు. ఖాజా కళ్లు తుడుచుకుని, "చాయ్ సల్లారిపోతున్నా తాగకుండ రోడ్డు చూస్తుంటడు" అన్నాడు. రేవులో మలయ్ వాళ్ల పొరుగున పెరిగిన మనిషి కనుక, ఖాజా కోసం హలాల్ మాంసం ఎక్కడ కొనాలో అంకుల్‌కు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. ఖాజా మాత్రం ఆ తర్వాత ఏ కొత్తవాడు వచ్చినా అందరికంటే ముందు చేయి ఆపి వినేవాడు.

ఇన్ని ఊళ్ల కబుర్లు విన్న మనిషి తన ఊరు చూడలేదు. ఇండియా నేల మీద కాలు పెట్టలేదు. పొయ్యి ఆరకూడదని తాత చెప్పాడట, ఈయన ఒక్కరోజు కూడా ఆరనివ్వలేదు. దిబ్బలరేవు సంగతులన్నీ తాత చెప్పినవే. ఇంటి ముందు అరుగు, ఆ అరుగులోనే పాతేసిన రోలు, దాని పక్కన పడుకునే కుక్క. కుక్క పోయి ఉంటుందని ఒప్పుకునేవారు. రోలు ఉంటుందని పందెం కాసేవారు.

నేను మొదటిసారి సెలవుకు వెళ్తుంటే ఆయన నన్నొక్క కోరిక కోరారు. మా అన్నయ్య పెళ్లి బట్టల కోసం విశాఖపట్నం వెళ్లే పని ఉందని నేనే నోరు జారాను. "అక్కడికి ఒక పూటేనట తల్లీ. ఎల్లి ఆ రోలుందో నేదో సూసి రా" అన్నారు. అంతకు ముందెప్పుడూ ఆయన ఎవరినీ ఏదీ అడగ్గా నేను చూడలేదు. తప్పకుండా వెళ్తానన్నాను.

విశాఖలో నాకు రెండు రోజులున్నాయి. మొదటి రోజు చీరలు కొన్నాం. రెండో రోజు మా పిన్ని కూతుళ్లు సినిమాకు లాక్కెళ్లారు. లాక్కెళ్లారని రాయడం కూడా నా సొంత వెసులుబాటే, నవ్వుకుంటూ వెళ్లాను. బస్సు రానూపోనూ మూడు గంటలట, ఎండగా ఉంది, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. ఉంటే మీకు చెప్పడానికి సిగ్గుపడేదాన్ని కాదు.

తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నారు. హాలంతా నిండి ఉంది. నా ఆకు వేసి, ఎప్పుడూ నిలబడే మనిషి ఆ రోజు నా ఎదురుగా కూర్చున్నారు. వెళ్లలేదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆయన మొహం చూశాను. "ఉంది అంకుల్" అన్నాను.

"రోలు?"

"రోలు కూడా ఉంది. అరుగు సున్నం వేసి శుభ్రంగా ఉంది. ఎవరో ముసలావిడ కూర్చుని పచ్చడి రుబ్బుతోంది."

"ఏ పచ్చడి?"

"గోంగూర."

ఆయన రెండు చేతులూ బల్ల మీద ఆనించారు. తర్వాత లేచి తానే అన్నం వడ్డించారు. ఎంత పెట్టారో ఆయనకే తెలియలేదు, ఆకు మీంచి బల్ల మీదకు జారింది. నేను తిన్నాను. బల్ల మీద పడిన మెతుకులు కూడా ఏరి ఆకులో వేసుకున్నాను.

ఆ రోజు నుంచి హోటల్‌కు వచ్చిన ప్రతి కొత్త మనిషికీ ఆ కబురు వినిపించేవారు. "ఈ గుంట కళ్లారా సూసింది" అని నన్ను చూపించేవారు. ఎన్నిసార్లు నిజం చెప్పాలనుకున్నానో. రోజులు గడిచేకొద్దీ అది ఇంకా కష్టమైంది. చివరికి ఆ ముసలావిడను నేను నిజంగానే చూశానేమో అనిపించే స్థితికి వచ్చాను.

ఇంకో రెండేళ్లకు ఆ సందులో ఇళ్లన్నీ ఆఫీసులవడం మొదలైంది. అద్దె గడువు తీరింది, మళ్లీ అద్దెకు ఇచ్చేది లేదన్నారు. చివరి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పొయ్యిలో నీళ్లు పోసింది ఆయనే. ఎవరి సాయమూ తీసుకోలేదు. మలేషియాలో, మలాక్కాలోని బంధువుల ఇంటికి వెళ్లి కొన్నాళ్లుంటానన్నారు. మూడు వారాలకు వచ్చి, యూ టీలో మేనకోడలు కమల గారి ఫ్లాట్లో చేరారు. మేమంతా క్లెమెంటిలోనో ఇంకెక్కడో గదులు వెతుక్కున్నాం.

యూ టీలో ఆయన జీవితం గురించి రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఆదివారాలు మాత్రం పాత వాళ్లు కొందరు వెళ్లేవాళ్లం. ఆయన ఆకులు వేసేవారు, కబురు అడిగేవారు. అప్పటికి ఫోను కార్డులొచ్చాయి, ఈమెయిళ్లొచ్చాయి. మా అమ్మ పొద్దున ఏం వండిందో నాకు మధ్యాహ్నానికి తెలిసేది. ఎవరి కబురూ ఎవరికీ అక్కర్లేని రోజులొచ్చాయి. వారం మధ్యలో ఆయన బ్లాకు కింద రాతి బల్ల దగ్గర కూర్చుని, మనవాళ్లలా కనబడిన ప్రతి ఒక్కరినీ "ఏ ఊరు?" అని పలకరించేవారట. కుర్రవాళ్లు చెవిలో ఫోనుతోనే తలూపి వెళ్లిపోయేవారట. ఆయన మళ్లీ ఇంకొకరు వచ్చేదాకా కూర్చునేవారు. ఒకరోజు ఎవరో ఆయన్ను దారి తప్పిన ముసలాయన అనుకుని ఇంటికి తెచ్చి దిగబెట్టారని కమల గారు నవ్వుతూ చెప్పారు. ఆవిడ నవ్వు నాకు నవ్వులా వినిపించలేదు.

ఆదివారాలకు వచ్చేవాళ్లు పది మంది, ఆరుగురు, ముగ్గురు అయ్యారు. ఖాజాకు పెళ్లయి పిల్లలు పుట్టారు. చివరికి నేనొక్కదాన్నే వెళ్లిన ఆదివారాలు ఉన్నాయి. అప్పుడు కూడా ఆయన ఆకు ముందు ఆ గోంగూర పచ్చడి కథే చెప్పేవారు. వినేదాన్ని నేనొక్కదాన్నే, ఆ కబురు మొదట చెప్పిందీ నేనే. చెప్పినంతసేపూ నా మొహంలోకి చూసేవారు, అయ్యాక ఇంకో గరిటె అన్నం వేసేవారు. ఆ గరిటెకు అర్థమేమిటో నాకు తట్టలేదు. చివరి నాలుగు నెలల్లో నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. "ఆదివారం వొత్తావా తల్లీ?" అని ఫోనులో అడిగితే ఆఫీసులో పని అనేదాన్ని. పని ఉన్న మాట నిజమే. ఆ కథ వినలేకపోవడం అంతకంటే నిజం.

దహనం మర్నాడు ఆయన సామాను సర్దడానికి వెళ్లాను. సామానంటే ఒక రేకు పెట్టె. అందులో పాస్‌పోర్టు ఉంది. మలాక్కా దాటి ఎక్కడికి వెళ్లారని దాన్ని దాచుకున్నారో అనుకుంటూ తిరగేస్తే, ఇండియా వీసా, వెళ్లి వచ్చిన ముద్రలు. హోటల్ మూసిన ఆ మూడు వారాలవి.

కమల గారు నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకున్నారు.

"నీకు చెప్పొద్దన్నాడు. ఇప్పుడు ఆయనే లేడు. మలాక్కా అంతా సుమ్మా, ఊరికే చెప్పిందే. ఊరికి పోయాడు, ఒక్కడే."

"వెళ్లి..."

"ఊరు లేదు. సముద్రం తినేసింది. ఎప్పుడో. మీరు ఎవరూ ఇక్కడికి రాకముందే."

ఆవిడ చెబుతూ పోయారు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు నీళ్లలోకి వేలు చూపించి దిబ్బలరేవు అదిగో అన్నారట. ఊరివాళ్లు రోడ్డుకు అవతల పాకలు వేసుకున్నారని చెప్పారట. ఈయన అంత దూరం వెళ్లలేదు. ఆ ఒడ్డునే ఒక పూటంతా కూర్చుని తిరిగి వచ్చేశారు. ఇంటికి చేరాక, "రోలు తీసుకెల్లినారో నేదో అడగడం మర్సిపోనాను కమలా" అని ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదట.

"అంతా తెలిసి మళ్లీ ఆ కథ ఎందుకు చెప్పేవారు ఆంటీ?"

"నేనూ అడిగాను. ఎందుకు మామా, ఆ పిల్ల పొయ్ చెప్పింది కదా అన్నాను." పొయ్ అంటే ఇక్కడి పాతకాపుల మాటలో అబద్ధం. "అప్పుడు ఏం చెప్పాడు తెలుసా? అబద్ధమని నాను నోటితో అంటే ఆకు తియ్యాల. ఆ గుంటొక్కతే ఇంకా వొత్తంది. దాని ఆకు తీసీసి మరెవులికి ఏత్తాను, అన్నాడు."

తాత పెట్టిన కట్టుబాటును యుద్ధంలో కూడా తప్పని ఇంట్లో పుట్టి, తన ముసలితనంలో ఆదివారం ఒక మనిషి రావడం కోసం ఆ మహానుభావుడు నా అబద్ధాన్ని తన నోటితో మోశారు. నేను ఆ రాకను కూడా మానేశాను. నా మీద నాకు కోపం వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇలాంటిది మాత్రం లేదు.

పదకొండో రోజు భోజనాలకు పదిహేను మంది దాకా వచ్చారు. ఖాజా భార్యాపిల్లలతో వచ్చాడు. కమల గారు మార్కెట్ నుంచి అరిటాకులు తెచ్చి వరసగా వేశారు. నా ముందు కూడా ఒకటి వేశారు. నేను లేచి నిలబడ్డాను. చేతులు ఆపమని ఎవరూ చెప్పకుండానే పాత వాళ్లంతా ఆపారు.

"దిబ్బలరేవు ఊరి కబురు" అన్నాను. "నేను ఆ ఊరు వెళ్లలేదు. ఆ రోజు సినిమాకు వెళ్లాను. రోలు చూడలేదు, ముసలావిడ లేదు. ఊరే లేదు, సముద్రంలో కలిసిపోయింది. అంకుల్ వెళ్లి చూసి వచ్చారు, నాకు చెప్పలేదు."

ఖాజా తల వంచుకున్నాడు. వాడు ఆ పచ్చడి కథను తన పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాడట. వాడి పెద్దమ్మాయి మొహం ఎత్తి, "దెన్ ద గ్రానీ హౌ?" అంది, మరి ఆ ముసలావిడ సంగతేమిటని. నా ఆకు తీసేస్తారని చూస్తున్నాను. తీసేస్తే బాగుండునని కూడా అనిపించింది. కమల గారు గిన్నె పట్టుకుని వచ్చి అన్నం పెట్టారు. ఒక గరిటె పెట్టి, ఆగి, ఇంకో గరిటె వేశారు.

"కూర్చుని తిను" అన్నారు.

సింహాచలం గారి వంటి అన్నదాత, అంత చెవి ఒగ్గి వినే మనిషి ఈ సింగపూర్‌లో మన జాతికి మళ్లీ దొరకరు. ఆ సందులో ఇప్పుడు అద్దాల ఆఫీసుంది, పేరు రాసిన తలుపు ఎటు పోయిందో తెలియదు. ఆయన పాదాలకు నమస్కరించి చెప్పదలిచింది ఒక్కటే. వచ్చే నెల సెలవు పెట్టాను, టికెట్టు కొన్నాను. ఈసారి చీరల పని ఏమీ లేదు. రోడ్డుకు అవతలి పాకల్లో ఇల్లిల్లూ తిరిగి, అరుగులో పాతిన రోలును సముద్రం వచ్చేలోపల ఎవరైనా పెకలించి తెచ్చుకున్నారా అని అడుగుతాను. తెచ్చుకుంటే చేత్తో ముట్టుకుని చూస్తాను, లేకపోతే లేదని తెలుసుకుంటాను. ఏది నిజమో అది పట్టుకుని భోజనాల వేళకు యూ టీ చేరతాను. కమల గారు ఆకు వేస్తారు. నేను నిలబడతాను. ఎదురుగా కూర్చుని, "ఏ పచ్చడి?" అని అడిగే మనిషి మాత్రం ఉండరు.